వెయిల్డ్ కమీలియన్ కేజ్‌లో తేమ ఎంత ఉండాలి? ఫాగర్ రోజంతా వేయవచ్చా?

నమస్తే అండీ. మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. మీ అబ్బాయి కోసం ఆరు నెలల మగ వెయిల్డ్ కమీలియన్‌ని (ఇది ఒక రకం ఊసరవెల్లి) కొన్నారు. చలికాలం హీటర్ మొదలయ్యాక కేజ్‌లో హ్యుమిడిటీ మీటర్ 22 చూపించింది. షాపువాళ్లు 70 ఉండాలన్నారు కాబట్టి ఫాగర్ (నీటిని చల్లటి పొగలా వదిలే యంత్రం) పొద్దున్నుంచి రాత్రి లైటు ఆర్పే దాకా నడుపుతున్నారు. ఇప్పుడు 65 వస్తోంది గానీ ఆకులు ఆరడం లేదు, కొమ్మల మీద తెల్లగా బూజు కనిపిస్తోంది. రాత్రి ఫాగర్ ఆపేస్తే తెల్లారేసరికి మళ్లీ 30 లోపే. "ఇలా రోజంతా ఉంచవచ్చా, లేక ఇంకా పెద్ద ఫాగర్ కొనాలా?" అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. పగటి పూట ఫాగర్ ఈరోజే ఆపేయండి. పెద్దది కొనొద్దు. పెద్దయిన, ఆరోగ్యంగా ఉన్న వెయిల్డ్‌కి పగలు 30 నుంచి 50 శాతం తేమ చాలు. లైట్లు ఆరాక మాత్రం 80 నుంచి 100 దాకా వెళ్లాలి, ఆ సమయంలో గది చల్లగా ఉండాలి. అంటే మీరు చేస్తున్నది సరిగ్గా తలకిందులు. వేడిగా ఉన్నప్పుడు తడుపుతున్నారు, చల్లబడ్డాక ఎండబెడుతున్నారు. మీ దగ్గర ఉన్న సామాను సరిపోతుంది, టైమర్ మారిస్తే చాలు.

షాపువాళ్లను తప్పు పట్టి లాభం లేదు. వాళ్ల దగ్గర ఉండే కాగితంలో ఒక్క అంకెకే చోటుంటుంది. కానీ ఈ జంతువు ఒక్క అంకె మీద బతికేది కాదు.

దీని సొంతూరు యెమెన్ పశ్చిమ కొండలు, వాటికి ఆనుకుని సౌదీ అరేబియా నైరుతి మూల. యెమెన్ అనగానే కొందరు ఎడారి అనుకుని నీళ్లే పెట్టరు. ఇంకొందరు చెట్టు మీద ఉండేది కదా అని అమెజాన్ అడవిలా తడిపేస్తారు. ఆ కొండవాలుల్లో పగలు ఎండ గట్టిగా ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది. రాత్రి చలి దిగుతుంది, తేమ పొగమంచుగా, మంచు బిందువులుగా ఆకుల మీద పడుతుంది. పొద్దున్నే లేచిన ఊసరవెల్లి ఆ బొట్లు నాకి, ఎండ ఎక్కాక ఒళ్లు ఆరబెట్టుకుని వేటకి వెళ్తుంది. మళ్లీ రాత్రి దాకా దానికి తడి అక్కర్లేదు. నేను చలికాలం పొడవునా ఇదే వరస పాటిస్తాను. చెక్ దేశస్థుడు పెట్ర్ నెచాస్, ఇక్కడ అమెరికాలో బిల్ స్ట్రాండ్ లాంటివాళ్లు ఈ రాత్రి తేమ పద్ధతిని పెంచేవాళ్లలో బాగా ప్రచారం చేశారు. అంతకు ముందు అందరం పగలు రెండు మూడు గంటలకోసారి స్ప్రే కొట్టడమే పద్ధతి అనుకునేవాళ్లం.

వేడి, తడి, కదలని గాలి: ఈ మూడూ కలిస్తేనే ప్రమాదం. పాకే జంతువులకి మనలా ఉదరవితానం (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర, డయాఫ్రం) లేదు, కాబట్టి గట్టిగా దగ్గి కఫం బయటికి తోయలేవు. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ పట్టిందంటే అది తనంతట తాను బయటపడటం కష్టం. 85 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో, ఆరని ఆకుల మధ్య, ఫాగర్ ట్యాంకులో పెరిగిన బ్యాక్టీరియాని రోజంతా పీల్చడం అంటే దాన్ని చేజేతులా పిలవడమే. మీ కొమ్మల మీద బూజు వచ్చిందంటే ఆ గాలిలో ఇంకేం తిరుగుతున్నాయో ఊహించుకోండి. అదే తేమ 65 డిగ్రీల చల్లటి గాలిలో, జాలీ కేజ్‌లో, రాత్రిపూట ఉంటే ఇబ్బంది లేదు. అది దాని ఊళ్లో దొరికే వాతావరణమే.

ఇంకో సంగతి. నిద్రపోయే పన్నెండు గంటలూ 25, 30 శాతం గాలి పీలిస్తే ప్రతి ఊపిరితోనూ ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది. అది రాత్రి మధ్యలో లేచి నీళ్లు వెతుక్కునే జంతువు కూడా కాదు, గిన్నెలో పెట్టిన నీళ్లని చూడను కూడా చూడదు. పగలంతా తడిపినా కొన్ని ఊసరవెల్లులు ఎండిపోయినట్టే కనిపించడానికి కారణం ఇదే. నష్టం రాత్రి జరుగుతోంది, మందు పగలు వేస్తున్నాం.

ఇప్పుడు మీ మీటర్ ఎందుకు 22 చూపిస్తోందో చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే అంకె చూసిన ప్రతిసారీ టెన్షన్ పడతారు. మీటర్ చూపించేది సాపేక్ష ఆర్ద్రత. అంటే ఆ వేడి దగ్గర గాలి ఎంత నీటిని పట్టుకోగలదో, అందులో ఎంత శాతం ఉందో చూపిస్తుంది. గాలి వేడెక్కే కొద్దీ దాని పట్టు పెరుగుతుంది, ఇంచుమించు ప్రతి 10 డిగ్రీల సెల్సియస్‌కి రెట్టింపు దగ్గరికి వస్తుంది. చిన్న గ్లాసు నిండా ఉన్న నీళ్లు పెద్ద బిందెలో పోస్తే అడుగున కనిపించినట్టు, అదే నీరు వేడి గాలిలో తక్కువ శాతంగా కనిపిస్తుంది.

లెక్క చూడండి. బయట మైనస్ 5 డిగ్రీల సెల్సియస్, తేమ 80 శాతం అనుకుందాం. ఆ గాలి మీ ఇంట్లోకి వచ్చి 22 డిగ్రీలకి వేడెక్కితే అదే తేమ 13 శాతం అవుతుంది. హీటర్ తేమని తాగేయలేదు, గాలి సామర్థ్యం పెరిగింది. మీ వంటా, స్నానాలూ, మొక్కలూ కలిసి దాన్ని 22కి తెచ్చాయి. కేజ్ లోపల కూడా ఇదే లెక్క. గదిలో 20 డిగ్రీల దగ్గర 50 శాతం ఉన్న గాలి, బల్బు కింద 31 డిగ్రీల దగ్గర 26 శాతమే చూపిస్తుంది. అందుకే బాస్కింగ్ కొమ్మ (బల్బు కింద అది ఎండ కాచుకునే కొమ్మ) పక్కన మీటర్ పెట్టి "తేమ లేదు" అని భయపడొద్దు. అక్కడ అలాగే ఉండాలి.

దీనిలో మనకి లాభం కూడా ఉంది. రాత్రి హీటర్ తగ్గించి గది 72 నుంచి 64 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వస్తే, చుక్క నీరు పోయకుండానే 45 శాతం 59 దాకా పెరుగుతుంది. వెయిల్డ్‌కి రాత్రి 60ల్లోకి దిగడం హాయి. చలేస్తుందేమోనని రాత్రి హీట్ బల్బు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎర్ర బల్బులు అమ్మేవాళ్లూ ఉన్నారు. తీసేయండి. గది 55 కంటే దిగకపోతే పెద్దవాటికి రాత్రి వేడి అవసరం లేదు. ఎర్ర వెలుతురు దానికి కనిపిస్తుంది, నిద్ర చెడుతుంది.

నేను నడిపే వరస ఇది, మీ లైట్లు పొద్దున 7కి వెలిగి రాత్రి 7కి ఆరతాయని అనుకుని చెప్తున్నా. రాత్రి లైట్లు ఆరాక ఒక గంట ఆగి, కేజ్ చల్లబడ్డాక రెండు నిమిషాలు మిస్టింగ్, అంటే సన్నటి తుంపర కొట్టడం. అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5 దాకా ఫాగర్, కానీ అరగంట నడిచి అరగంట ఆగేలా. స్మార్ట్ ప్లగ్ ఉంటే ఇది సులువు. పొద్దున 6 గంటలకి, లైట్లు వెలిగేలోపే, ఇంకో రెండు నిమిషాల మిస్టింగ్. ఇది ఆకుల మీద బొట్లు పెట్టడానికి. లేచాక నాకేది వాటినే. ఆ తర్వాత ఏమీ లేదు. మధ్యాహ్నం డ్రిప్పర్ నుంచి ఆకు మీద బొట్టు బొట్టుగా పావుగంట సేపు పడనివ్వండి. దాహం ఉంటే వస్తుంది, లేకపోతే రాదు. రాకపోతే సంతోషించండి, రాత్రి తేమ సరిపోయిందని అర్థం.

మిస్టింగ్ మెషిన్ లేకపోయినా ఫరవాలేదు. మొక్కలకి కొట్టే పంపు స్ప్రేయర్ చాలు, పంపు కొడితే సన్నటి తుంపర వచ్చేది. పొద్దున లైట్లకి ముందు నిద్ర లేవడం కష్టమైతే, లైట్లు వెలిగిన వెంటనే కొట్టండి. ముఖం మీద కొట్టొద్దు, ఆకుల మీద కొట్టండి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే అది బెదరకుండా ఎక్కువసేపు తాగుతుంది. కానీ వేడి ఆవిరి ఫాగర్లు మాత్రం అసలు వద్దు, చల్లటి పొగ వచ్చే అల్ట్రాసోనిక్ రకమే వాడండి.

ఉదయం 9, 10 గంటలకల్లా కేజ్ అడుగు తప్ప మిగతాదంతా ఆరిపోవాలి. ఆరిందో లేదో చూడటానికి మీటర్ కూడా అక్కర్లేదు. చెయ్యి లోపల పెట్టి నడుమ ఎత్తులో ఉన్న ఆకు వెనకవైపు వేలితో తాకండి. మధ్యాహ్నానికి కూడా వేలికి తడి అంటితే నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా గాలి ఆడటం లేదు. నేను రోజూ మొదట చూసేది ఇదే.

మీటర్ల గురించి. గడియారం ముల్లులా తిరిగే గుండ్రటి మీటర్ మీదైతే అది పక్కన పడేయండి. అవి 15, 20 శాతం తేడా చూపించడం మామూలే. డిజిటల్‌వి రెండు తీసుకోండి, ఖరీదైనవి అక్కర్లేదు. కానీ కొత్తదైనా సరే నమ్మే ముందు ఉప్పు పరీక్ష చేయండి. సోడా సీసా మూతలో వంటింటి ఉప్పు నింపి, నాలుగైదు చుక్కల నీళ్లు వేయండి. ఉప్పు తడి ఇసుకలా ఉండాలి, కరిగి నీళ్లలా అవకూడదు. ఆ మూతనీ మీటర్‌నీ ఒక జిప్‌లాక్ కవర్లో పక్కపక్కన పెట్టి, కొంచెం గాలి ఉంచి మూసేసి, ఎండ తగలని చోట రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 చూపించాలి. ఎందుకంటే తడి ఉప్పు పైన మూసి ఉన్న గాలిలో తేమ గది ఉష్ణోగ్రత దగ్గర 75 శాతం వద్దే నిలుస్తుంది. మీది 69 చూపిస్తే, దాని మీద మార్కర్‌తో "+6" అని రాసేసుకోండి, అంతే. కవర్ తెరిచి తీసి చూడొద్దు, బయటి గాలి తగలగానే అంకె మారిపోతుంది. కవర్ పైనుంచే చదవండి.

ఒక మీటర్ అది రాత్రి పడుకునే కొమ్మ దగ్గర, ఇంకోటి కేజ్ మధ్యలో. నాజిల్ కిందా, ఫాగర్ గొట్టం ఎదురుగానూ వద్దు. పొగ సెన్సర్ మీద పడి తడిస్తే గంటల తరబడి 99 చూపిస్తూనే ఉంటుంది, మీరేమో అంతా బాగుందనుకుంటారు. డల్లాస్‌లో ఒకాయన ఇలాగే 95 చూపిస్తోందని నాకు ఫోటో పంపారు. మీటర్ సరిగ్గా ఫాగర్ నోట్లో ఉంది. నాలుగు అడుగుల కేజ్‌లో పైకి జరిపిస్తే 41 వచ్చింది.

ఇక అసలు కష్టం: జాలీ కేజ్‌లో రాత్రి తేమ నిలవకపోవడం. మీది రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు జాలీ కేజ్ అన్నారు. హ్యూస్టన్‌లోనో, మయామీలోనో అది చక్కగా పనిచేస్తుంది. ఎడిసన్ జనవరిలో మాత్రం ఎంత పొగ వేసినా నాలుగు వైపులా కారిపోతుంది. దీనికి ఫాగర్ పెద్దది చేయడం కంటే వెనకా, రెండు పక్కలా మూసేయడం మంచిది. పారదర్శకంగా ఉండే షవర్ కర్టెన్ లైనర్ డాలర్ దుకాణంలో దొరుకుతుంది. దాన్ని కేజ్ బయటివైపు నుంచి చుట్టి బైండర్ క్లిప్పులతో బిగించండి. లోపలివైపు వద్దు, గోళ్లు ఇరుక్కుంటాయి. ముందు తలుపు, పైకప్పు జాలీగానే ఉంచండి. ఇంకా ముఖ్యం, అడుగున ఒక పక్క మూడు నాలుగు అంగుళాలు ఖాళీ వదలండి. పగలు బల్బు వేడికి గాలి పైనుంచి పోతుంటే, కింది ఖాళీలోంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. ఈ ప్రవాహం ఉంటే తేమ నిలుస్తుంది, గాలీ ఆడుతుంది. పూర్తిగా ప్లాస్టిక్‌తో సీలు వేసినవాళ్లకి బూజు, కుళ్లు వాసన వచ్చి తీరతాయి.

మొక్కలు కూడా పెద్ద సాయం. ప్లాస్టిక్ తీగలు ఉంటే తీసేసి అసలువి పెట్టండి. మనీ ప్లాంట్, షెఫ్లెరా, మందార నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. వెయిల్డ్ ఆకులు కొరుకుతుంది. మనీ ప్లాంట్ చిగుళ్లు కొరికేసినా నా దగ్గర ఇబ్బంది రాలేదు. మందార పువ్వు వేస్తే మాత్రం పండగే. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కని నేరుగా లోపల పెట్టొద్దు. ఆకులు రెండు వైపులా కడిగి, కుండీ మట్టి మార్చి, కొన్ని వారాలు బయట ఉంచండి, పురుగుమందు పోవాలి. కుండీ మట్టి మీద గులకరాళ్లు పేర్చండి, లేకపోతే మట్టి తినేస్తుంది. ఆకులు దట్టంగా ఉన్నచోట తేమ చుట్టుపక్కల కంటే ఎక్కువ ఉంటుంది. ఊసరవెల్లి తనకి ఎక్కడ బాగుంటే అక్కడికి జరుగుతుంది. మనం ఒక్క అంకెని పట్టుకుని వేలాడాల్సిన పని కొంత ఇది తగ్గిస్తుంది.

గది మొత్తానికి హ్యుమిడిఫయర్ పెట్టవచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. గదిలో 40 ఉంచుకుంటే కేజ్ పని సగం అయిపోతుంది, మీ పిల్లల ముక్కులకీ మంచిదే. కానీ అపార్ట్‌మెంట్ కిటికీల మీద నీరు కారుతుంటే తగ్గించండి. కిటికీ చెక్క పాడైతే డిపాజిట్ వెనక్కి రాదు, గోడకి బూజు పట్టిందంటే ఇంట్లోవాళ్లందరికీ తలనొప్పే. నేను కేజ్ ఉన్న గది తలుపు రాత్రి మూసేస్తాను. ఆ ఒక్క గదిలో హీటర్ వెంట్ సగం మూస్తాను. చలి, తేమ రెండూ అందులోనే ఉంటాయి. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు మొదట్లో ఆ తలుపు వైపు కూడా వచ్చేవారు కాదు. పొద్దున్నే ఊసరవెల్లి మొహం చూడకూడదని ఆవిడ పట్టుదల. ఇప్పుడు ఆవిడే వీడియో కాల్‌లో దానికి పురుగులు వేశారా అని అడుగుతున్నారు.

నీళ్ల విషయంలో పిసినారితనం వద్దు. ఫాగర్‌లో డిస్టిల్డ్ లేదా ఆర్‌ఓ నీళ్లే పోయండి. కుళాయి నీళ్లలోని ఉప్పులు అల్ట్రాసోనిక్ ఫాగర్ నుంచి తెల్లటి పొడిలా గాలిలోకి వస్తాయి, ఆకుల మీదా, జాలీ మీదా పేరుకుంటాయి. అదే దాని ఊపిరిలోకీ పోతుంది. కొమ్మల మీద తెల్లగా ఉందన్నారు కదా, అది బూజా, ఈ పొడా అన్నది కూడా చూడండి. వేలితో రాస్తే సుద్దలా రాలితే ఉప్పు. మెత్తగా, దూదిలా ఉంటే బూజు. బూజైతే ఆ కొమ్మ బయటికి తీసి వేడినీళ్లు, బ్రష్షుతో రుద్ది పూర్తిగా ఎండబెట్టండి. లోపలి దాకా పాకి ఉంటే పారేయండి, కొమ్మలకి కరువా.

ఫాగర్ ట్యాంకు, గొట్టం వారానికోసారి కడగాలి. ముందు వెనిగర్ నీళ్లతో ఉప్పు వదిలించి, తర్వాత ఫార్మసీలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి పావుగంట ఉంచి, నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి. గొట్టంలో నీళ్లు నిలిచే వంపు ఉందేమో చూడండి. చాలామంది ట్యాంకు తళతళలాడేలా కడుగుతారు, గొట్టం వంపులో మాత్రం పాకుడు నీళ్లు నెలల తరబడి అలాగే ఉంటాయి. ప్రతి రాత్రి పొగ ఆ నీళ్ల మీదుగానే లోపలికి పోతుంది. గొట్టం ట్యాంకు నుంచి నేరుగా పైకి వెళ్లి, ఒకే ఏటవాలుగా కేజ్‌లోకి దిగేలా అమర్చండి.

అంకెలు పక్కన పెట్టి జంతువు ఏం చెబుతోందో చూద్దాం. నేను మీటర్ కంటే రెట్టని ఎక్కువ నమ్ముతాను. ఊసరవెల్లి రెట్టలో నల్లటి భాగం ఒకటి, దాని పక్కన తెల్లటి ముద్ద ఒకటి ఉంటాయి. ఆ ముద్దే దాని మూత్రం, యూరేట్ అంటారు. అది తెల్లగా, మెత్తగా ఉంటే నీరు బాగా అందుతోంది. కొసన కొంచెం లేత పసుపు ఉన్నా కంగారు అక్కర్లేదు. మొత్తం నారింజ రంగులో, గట్టిగా, సుద్ద ముక్కలా ఉంటే నీరు చాలడం లేదు. అలా రెండు మూడుసార్లు వరుసగా కనిపిస్తే రాత్రి వరస సరిచూసుకోండి, మధ్యాహ్నం డ్రిప్పర్ ఇంకొంచెం సేపు నడపండి. కళ్లు గుంటలు పడటం, తోక మీద చర్మం ముడతలు పడి అలాగే నిలిచిపోవడం, కుబుసం వేళ్ల చుట్టూ ఉంగరంలా అతుక్కుపోవడం, ఇవి ముదిరిన లక్షణాలు.

తడి ఎక్కువైన లక్షణాలు వేరు. బల్బుకి దూరంగా ఉండి కూడా నోరు తెరుస్తుంటే, మూతి దగ్గర బుడగలు కనిపిస్తే, ఊపిరి తీసినప్పుడు టిక్కుటిక్కుమని చప్పుడొస్తే, తల పైకెత్తి ఊపిరి పీలుస్తుంటే ఆలస్యం చేయొద్దు. పాకే జంతువులను చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి అదే వారంలో, వీలైతే మర్నాడే వెళ్లండి. బల్బు కింద ఎండ కాచుకుంటూ నోరు తెరవడం వేరు, అది వేడి ఎక్కువైందని. బల్బుని పైకి జరిపితే తగ్గుతుంది. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే ప్రతి డాక్టరుకీ ఊసరవెల్లి తెలియదు. పాకే జంతువుల, ఉభయచరాల వైద్యుల సంఘం ఏఆర్‌ఏవీ వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొట్టి వెతకవచ్చు. అవసరం రాకముందే ఒక పేరు రాసి పెట్టుకోండి. ఎవరో మిగిలిన యాంటీబయోటిక్ ఇస్తామంటే తీసుకోవద్దు. ఆ మందుల్లో కొన్ని, నీరు తగ్గిన జంతువు కిడ్నీలని దెబ్బతీస్తాయి. డాక్టర్ కూడా ముందు నీరు ఎక్కించే సంగతి చూస్తారు.

మీ అబ్బాయి తర్వాత ఇంకో రకం అడుగుతాడు, అది ఖాయం కాబట్టి క్లుప్తంగా. ప్యాంథర్ కమీలియన్ మడగాస్కర్ ఉత్తర, తూర్పు తీరాలది. దానికి పగలు కొంచెం ఎక్కువ, 45 నుంచి 60 దాకా ఉండొచ్చు. రాత్రి పద్ధతి ఇదే. మూడు కొమ్ముల జాక్సన్ కెన్యా, టాంజానియా కొండలది, దానికి పగలు కూడా చల్లదనం, తేమ కావాలి. వేడి గదిలో దాన్ని పెట్టుకోవద్దు. ఆడ వెయిల్డ్ అయితే తేమ లెక్క ఇదే గానీ వేడీ మేతా తగ్గించాలి, లేకపోతే గుడ్లు విపరీతంగా పెడుతుంది. అది వేరే ప్రశ్నగా అడగండి, ఇక్కడ కలిపితే గందరగోళం.

నేను చెప్పిన వరస న్యూజెర్సీ, షికాగో, బోస్టన్ చలికాలానికి. ఇది చదివే మిగతావాళ్లు అలాగే కాపీ కొట్టొద్దు. హ్యూస్టన్, ఫ్లోరిడాలో వేసవి అంతా గదిలోనే 60 ఉంటుంది. అక్కడ ఫాగర్ అనవసరం, ప్లాస్టిక్ తీసేయండి, చిన్న ఫ్యాన్ గదిలో (కేజ్ వైపు కాకుండా) తిప్పండి. ఫీనిక్స్‌లో ఏడాది పొడవునా పొడి, పైగా వేసవి రాత్రి గది 80 డిగ్రీల కంటే దిగదు. అలాంటి వెచ్చటి రాత్రి ఫాగర్‌తో తేమని 100కి తీసుకెళ్లొద్దు, ముందు ఏసీతో గది చల్లబరచండి. 75 డిగ్రీల పైన ఉన్న గదిలో ఫాగర్ వద్దు, మిస్టింగ్‌తో సరిపెట్టండి. దుబాయ్, మస్కట్‌లో ఉన్నవాళ్లు బయటి ఉక్కపోత చూసి మోసపోవద్దు. ఇరవైనాలుగు గంటలూ ఏసీ నడిచే ఇంట్లో లోపలి గాలి బయటి కంటే చాలా పొడిగా ఉండొచ్చు. మీటర్ పెట్టి చూశాకే ఏదైనా.

హైదరాబాద్, విజయవాడ నుంచి ఎవరైనా చదువుతుంటే ఒక మాట. పొలం గట్టునో, రోడ్డు దాటుతూనో కనిపించే మన ఊసరవెల్లిని ఇంటికి తేవద్దు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు, పట్టుకోవడం, ఉంచుకోవడం నేరం. రోడ్డు మీద కనిపిస్తే అవతలి వైపు చెట్టెక్కించి వదిలేయండి. వెయిల్డ్, ప్యాంథర్ లాంటి విదేశీ రకాలు సైటిస్ (అంతరించే ప్రమాదం ఉన్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నవి. ఇండియాలో వాటిని ఉంచుకుంటే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు లేకుండా అమ్మేవాడి దగ్గర కొనొద్దు.

మీ దగ్గరికి వస్తే, ఈ రాత్రికి చేయాల్సింది ఇంతే: ఫాగర్ టైమర్ మార్చడం, గది 65 డిగ్రీల దగ్గరికి దించడం, బూజు పట్టిన కొమ్మలు తీయడం. ప్లాస్టిక్ లైనర్ వీకెండ్‌లో చుట్టుకోవచ్చు. మొదటి రెండు మూడు రాత్రులు 80 రాకపోతే కంగారుపడి ఫాగర్ వేళలు పెంచేయకండి, 65, 70 వచ్చినా 30 కంటే ఎంతో నయం. లైనర్ చుట్టాక చూద్దాం. ఒక వారం అయ్యాక మధ్యాహ్నం 2కి, రాత్రి 2కి ఉన్న మీటర్ అంకెలు (జ్ఞాపకం ఉంచుకునే మీటరైతే నిద్ర లేవక్కర్లేదు), గది ఉష్ణోగ్రత, తాజా రెట్ట ఫోటో ఒకటి ఇక్కడే పెట్టండి. ఈలోగా అది బల్బుకి దూరంగా ఉండి కూడా నోరు తెరుస్తూ కనిపిస్తే మాత్రం నా సమాధానం కోసం ఆగొద్దు, డాక్టర్‌కి ఫోన్ చేయండి.